ప్రయోగశాల జీతమా, డాక్టరేటు చదువా?

పాతబస్తీలో లాల్‌దర్వాజా మహంకాళి గుడి దాటి కొంతదూరము నడచినచో ఛత్రినాక వచ్చును. ఛత్రి అనగా గొడుగు, నాకా అనగా చౌకీ. గొడుగు మాట ఎట్లున్నను, చౌకీ పేరు నిలుపుటకు పోలీసు ఠాణా ఒకటి నేటికిని అచ్చట కలదు. ఇరుకు సందులు, ఒకదాని గోడ నింకొకటి ఆనుకొనియున్న ఇండ్లు, క్రింద దుకాణము, పైన కాపురము. ఆషాఢమాసమున బోనాలనాడు ఇసుక వేసిన రాలని జనము. తక్కిన దినములలో ఉదయముననే ఆ సందులనుండి ఒక చిన్న ప్రవాహము ఉప్పుగూడ రైలుస్టేషను వైపు సాగిపోవుచుండును. గుమాస్తాలు, నర్సులు, కాలేజీ పిల్లలు; వారిలో తెల్లకోటు మడిచి సంచిలో పెట్టుకొన్నవారు కొందరు. ఫలక్‌నుమానుండి సికింద్రాబాదు పోవు ఎం.ఎం.టి.ఎస్. బండి ఎక్కినచో యాకుత్‌పురా, దబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, విద్యానగరు దాటి జామై ఉస్మానియా, ఆర్ట్సు కాలేజి స్టేషన్లు వచ్చును. ఆ చుట్టుప్రక్కలనే ఉస్మానియా విశ్వవిద్యాలయము, జాతీయ పోషకాహార సంస్థ యున్నవి. మరికొంత దూరమున, తార్నాక హబ్సిగూడల నడుమ, ఐ.ఐ.సి.టి. అను రసాయన సాంకేతిక సంస్థ, సి.సి.ఎం.బి. అను కణ, అణుజీవశాస్త్ర కేంద్రము ఒకదాని సరసన నొకటి నిలిచియున్నవి. పాతబస్తీ పిల్లకు దేశములోని పెద్ద ప్రయోగశాలలు కొన్ని ఒక టిక్కెట్టు దూరములోనే యున్నవి. గడప దాటుటయే కష్టము.

ఆ గడపను రెండు విధములుగా దాటవచ్చును. ఎమ్మెస్సీ ముగియగానే ఒక ప్రాజెక్టులోనో, మందుల కంపెనీలోనో నెలజీతముపై శిక్షణకు చేరుట ఒకటి. ఇంట కూర్చుండి జాతీయ అర్హతా పరీక్షకు చదివి, పరిశోధక వేతనము గెలిచి, డాక్టరేటునకు ప్రవేశించుట రెండవది. వినుటకిది విద్యార్థి అభిరుచికి సంబంధించిన విషయముగా తోచును. నిజమునకు ఛత్రినాకవంటి పేటలో ఇది ఇంటిల్లిపాది విషయము. రాత్రి భోజనముల వేళ ఆ సందులలో ఏ ఇంటి వాకిట నిలిచినను ఈ సంభాషణ వినిపింపగలదు.

"చదువు అయిపాయె గద బిడ్డా, ఇంక నౌకరీ ఎప్పుడు?"

"ఇంక ఐదేండ్లు ఉన్నది నాయినా. డాక్టరేటు."

"ఐదేండ్లా! ఫీజు ఎక్కడికెళ్లి తేవాలె?"

"ఫీజు గాదు నాయినా, పరీక్ష గెలిస్తె వాళ్లే నెలనెల పైసలిస్తరు."

"చదువుకున్నందుకు పైసలిచ్చేటోళ్లు గూడ ఉన్నరా?"

తండ్రి ఆశ్చర్యమునకు అర్థమున్నది. తన కాలమున చదువు అనగా వ్యయము, ఉద్యోగము అనగా ఆదాయము. ఈ రెంటికి నడుమ మూడవ వస్తువొకటి కలదని ఆయనకు ఎవ్వరును చెప్పలేదు. చెప్పవలసిన కాలేజీలు కూడ తరచుగా చెప్పవు. జూనియర్ రిసెర్చి ఫెలోషిప్ అనబడు ఆ పరిశోధక వేతనము 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయలు. రెండేండ్ల పిమ్మట అది సీనియరు వేతనమై 42,000 అగును. ఇంటి అద్దె భత్యము వేరు. ఛత్రినాకలో ఒక కుటుంబము గడచుటకు అది తక్కువ సొమ్ము కాదు. అయితే అది చేతికి వచ్చుటకు ముందు ఒక పరీక్ష యున్నది; ఆ పరీక్షకు ముందు సంపాదన లేని ఒక ఏడాదియో, రెండేండ్లో యున్నవి. కుటుంబము భయపడునది ఐదేండ్ల డాక్టరేటుకు కాదు, దానికి ముందున్న ఆ ఖాళీ ఏడాదికి. వివాహమునకు వయస్సు వచ్చినదని బంధువులు గుర్తుచేయునదియు ఆ ఏడాదిలోనే.

ఈ చిక్కు నేటిది కాదు. తెలుగువారిలో దీనిని అందరికన్న కఠినముగా అనుభవించినవారు యెల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివిరి. ఖద్దరు ధరించినందుకు శస్త్రవైద్యపు ఆచార్యునికి కంటగింపై, పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చినది. మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు కాలము గడపవచ్చును, గడపిరి కూడ. కాని మనస్సంతయు పరిశోధనపై నుండెను. మామగారి సహాయము, మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి సహాయము కూడగట్టుకొని 1922 అక్టోబరులో బోస్టను నగరమున దిగిరి. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధులను గూర్చిన చదువునకు ప్రవేశము దొరికినది గాని, విద్యార్థివేతనము దొరకలేదు. పగలు తరగతులు. రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచు పని. డాక్టరు పట్టా చేతనుంచుకొని ఆ పని చేయుటకు ఎంత గుండెదిటవు కావలెనో చెప్పనక్కరలేదు.

ఆ చదువు ముగిసిన పిమ్మట ఆయన హార్వర్డు జీవరసాయన శాఖలో ఆటో ఫోలిన్ వద్ద చేరిరి. సైరస్ ఫిస్క్ అను శాస్త్రజ్ఞునితో కలిసి రక్తములోను, మూత్రములోను భాస్వరము ఎంత యున్నదో కొలుచు పద్ధతిని రూపొందించిరి. ఆ పద్ధతి సూత్రము సులభమైనది. భాస్వరము మాలిబ్డేటుతో కలిసినప్పుడు ఏర్పడు పదార్థమును తగిన ద్రవ్యముతో క్షయకరణము చేసినచో నీలవర్ణము పుట్టును. నీలము ఎంత గాఢమో భాస్వరము అంత అధికము. 1925లో ప్రకటితమైన ఈ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి తరతరముల జీవరసాయన విద్యార్థులకు ప్రాక్టికల్ పాఠమైనది. పరీక్షనాళికలో ఆ నీలము తేలునప్పుడు, దానిని కనుగొన్నవాడు భీమవరమువాడని తెలిసి చేయువారు ఎందరో!

ఆ పద్ధతితోనే 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ బయటపడినది. కండరము ముడుచుకొనుటకు శక్తి లాక్టికామ్లమునుండి వచ్చునను సిద్ధాంతమునకు 1922 నాటి నోబెల్ బహుమతి పొందినవారి అండ యుండెను. ఆ సిద్ధాంతము ఈ కొలతతో కదలిపోయినది. రెండేండ్లకు ఏ.టి.పి. ఈ ఇరువురి చేతను, జర్మనీలో లోమాన్ చేతను, వేరువేరుగా కనుగొనబడినది. ఇంతయు జరిగిన పిమ్మట, 1930లో, సుబ్బారావుగారికి పి.హెచ్.డి. పట్టము వచ్చినది. అప్పటికి వయస్సు 35.

ఈ వరుసను గమనింపవలెను. మొదట కూలి, తరువాత బల్లవద్ద పని, తరువాత ఆవిష్కారము, చివరకు పట్టము. బల్లవద్ద గడపిన ఏండ్లే పట్టమునకు తయారీ యైనవి. అవి పరధ్యానపు ఏండ్లు కావు; ఏలయనగా అచట ఆయనకు ఒక ప్రశ్న యుండెను, ఆ ప్రశ్నను పంచుకొను పెద్ద యొకడుండెను. హార్వర్డులో స్థిరమైన పదవి లభింపక, 1940లో ఆయన లెడర్లీ మందుల కంపెనీకి పోయిరి. ఫోలికామ్లపు కృత్రిమ తయారీ, పసిపిల్లల రక్తపు క్యాన్సరుపై 1948లో ప్రయోగింపబడిన అమినాప్టెరిన్, ఆరియోమైసిన్, బోదకాలునకు హెట్రజాన్ ఆయన నాయకత్వమున ఆ కంపెనీనుండి వెలువడినవే. తెలుగు జిల్లాలలో ప్రభుత్వము ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే.

అయితే ఈ కథను ఆదర్శముగా చెప్పువారు రెండవ పుటను తిప్పరు. 1922లో భార్యను ఇంట విడిచి వెళ్లిన సుబ్బారావుగారు మరల స్వదేశమునకు రాలేదు. 1948 ఆగస్టులో అమెరికాలోనే, 53వ ఏట, కన్నుమూసిరి. కష్టపడినచో అన్నియు సిద్ధించునని పిల్లలకు బోధించుటకు ముందు, ఆ కష్టపు బిల్లును ఎవరు చెల్లించిరో చూడవలసి యున్నది. ఛత్రినాక తండ్రి భయమున కొంత న్యాయము కలదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

నేటి విద్యార్థికి బోస్టను పోవలసిన యగత్యము లేదు. నిజాము ప్రభుత్వము 1944లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనలకై కేంద్ర ప్రయోగశాలలను హైదరాబాదున నెలకొల్పెను. అవి 1956లో కేంద్ర పరిశోధనా మండలి చేతికి వచ్చి ప్రాంతీయ పరిశోధనాశాల యైనవి, 1989లో ఐ.ఐ.సి.టి. అను పేరు పొందినవి. దాని కడుపుననే 1977లో సి.సి.ఎం.బి. పుట్టి, పుష్పమిత్ర భార్గవగారి చేతులలో పెరిగి, వేరు కాపురము పెట్టుకొన్నది. కూనూరునుండి పోషకాహార పరిశోధనాశాల 1958లో ఇచ్చటికి తరలివచ్చినది. ఇన్నియు ఒక రైలుదారి పొడవున నుండుట ఈ నగరపు విద్యార్థులకు మాత్రమే గల భాగ్యము. ఆ భాగ్యము ఎందరికి ఉపయోగించినదన్నది వేరొక లెక్క.

ఇక శిక్షణ అను మాటను విప్పి చూడవలెను. ఆ యొక్క పేరుతో మూడు వేర్వేరు సరుకులు అమ్ముడు పోవుచున్నవి.

మొదటిది ప్రాజెక్టు ఉద్యోగము. ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞునికి ఒక పరిశోధనకై నిధి వచ్చును. ఆ నిధి యున్నంతకాలము ఒక సహాయకుని నియమించుకొనును. ఈ ఉద్యోగము నిధితో పుట్టి నిధితో పోవును. 2020 జనవరిలో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగము జీతములు నిర్ణయించినప్పుడు, ప్రాజెక్టు అసోసియేటులలో నెట్ గాని గేట్ గాని గెలిచి వచ్చినవారికి నెలకు 31,000, తక్కినవారికి 25,000 అని వ్రాసినది. ఒకే బల్ల, ఒకే పైపెట్టు, ఒకే గడియారము. నడుమ ఆరువేల రూపాయల తేడా. అనగా చదువును విడిచి జీతమునకు పోయినవారికి సైతము ఆ పరీక్ష నీడవలె వెంట వచ్చుచునే యున్నది.

రెండవది కంపెనీ శిక్షణ. జీడిమెట్ల, బొల్లారము, పటాన్‌చెరువు ప్రాంతములలోని మందుల కర్మాగారములు ఎమ్మెస్సీ రసాయనశాస్త్రము చదివినవారిని ట్రెయినీలుగా చేర్చుకొని, సరుకు నాణ్యతను పరీక్షించు విభాగములలో నిలుపును. వంతులవారీ పని, వ్రాసియున్న విధానమును అక్షరము తప్పక పాటింపవలెను. తూకము తప్పనేరాదు, పుస్తకములో కొట్టివేత పనికిరాదు. చేతికి గొప్ప క్రమశిక్షణ అలవడును. ఆ జీవితము చిన్నచూపు చూడదగినది కాదు. దానిమీద ఎన్నియో ఇండ్లు నిలిచినవి. కాని అచ్చట ప్రశ్నలడుగుట పని కాదు. విధానమునుండి తొలగుట తప్పు. పరిశోధనలో తొలగుటయే ఆరంభము. రెండు మూడేండ్లు ఒక దానికి అలవడిన మనస్సు రెండవదానికి మరలుట అసాధ్యము కాదు గాని, అనుకొన్నంత తేలిక కాదు.

మూడవది విద్యార్థియే రుసుము చెల్లించి పొందు శిక్షణ. పదిహేను దినములలో పి.సి.ఆర్., నెలలో కణజాల పోషణము నేర్పెదమను ప్రకటనలు నగరమున కొదవ లేవు. వీనిని అన్నిటిని మోసమనుట న్యాయము కాదు. కాలేజీలో ఒక్క సూక్ష్మ పైపెట్టునైనను చేత పట్టని విద్యార్థికి పది దినముల పరిచయము మేలే. అయితే రుసుము శిక్షణలో ఒక సహజలోపము కలదు. డబ్బు చెల్లించినవాడు తృప్తిపడి పోవలెను గనుక, ప్రయోగము తప్పక ఫలించునట్లు ముందుగా అన్నియు అమర్చి పెట్టుదురు. జెల్లులో గీత కనబడును, ఫోటో తీసుకొనవచ్చును, సర్టిఫికెట్టు చేతికి వచ్చును. నిజమైన ప్రయోగశాలలో మూడు వారములు గీత కనబడదు. నీరు చెడినదా, ఎంజైము చచ్చినదా, లెక్క తప్పినదా, లేక తొలుత అనుకొన్నదే తప్పా అని ఒకటొకటిగా త్రోసిపుచ్చుకొనుచు పోవలెను. ఆ మూడు వారములే శిక్షణ. దానిని ఎవరును రుసుమునకు అమ్మజాలరు, కొనువారును ఉండరు.

కనుక అడుగవలసిన మొదటి ప్రశ్న శిక్షణయా, చదువా అన్నది కాదు. ఎవరు ఎవరికి డబ్బు ఇచ్చుచున్నారు అన్నది. ప్రయోగశాల విద్యార్థికి ఇచ్చుచున్నచో, ఆ విద్యార్థి పని దానికి కావలసియున్నదని అర్థము. విద్యార్థి ప్రయోగశాలకు ఇచ్చుచున్నచో, కావలసినది అతని పని కాదు. ఇంటిలో ఒక ఏడాదికి సరిపడు సొమ్మున్నప్పుడు దానిని రుసుములకు పోయుటకంటె, అదే సొమ్ముతో పరీక్షకు కూర్చుండుట మేలు. ఎమ్మెస్సీ పాఠములు తలలో పచ్చిగా నున్న మొదటి ఏడాదిలో పరీక్ష కుదిరినట్లు మూడేండ్ల తరువాత కుదరదు.

ఆ పరీక్ష స్వభావము కూడ తెలియవలెను. పరిశోధక వేతనమునకు జాతీయ పరీక్ష 1984లో ఆరంభమైనది. అధ్యాపక అర్హతను అందులో కలుపుట 1989లో జరిగినది. విజ్ఞానశాస్త్రములకు సి.ఎస్.ఐ.ఆర్., యు.జి.సి. కలిసి ఐదు విభాగములలో ఏటికి రెండు మారులు జరిపించును. జీవశాస్త్రపు ప్రశ్నపత్రములో 145 ప్రశ్నలుండును. వానిలో 75 మాత్రమే వ్రాయవలెను. మూడు గంటలు, 200 మార్కులు. తప్పు జవాబునకు మార్కులు కోసివేయుదురు. కావున ఏది వ్రాయవలెనో తెలియుట ఎంత ముఖ్యమో, ఏది విడువవలెనో తెలియుట అంతకంటె ముఖ్యము. జీవరసాయనమునుండి పరిణామ సిద్ధాంతము వరకు, మొక్కల శరీరధర్మమునుండి గణాంకముల వరకు అన్నియు చదువవలెను. ప్రయోగశాలలో ఒకే ప్రోటీను వెంట పడినవానికి ఈ వెడల్పు ఎన్నటికిని రాదు. అది పరీక్షయొక్క మేలు. చేయి వణుకునో వణకదో ఆ పరీక్షకు తెలియదు. అది దాని కొరత.

దానికి మరియొక కొరత యున్నది, అది విద్యార్థి చేతిలోనిది కాదు. 2024 జూన్ 25నుండి 27వరకు జరుగవలసిన పరీక్ష నాలుగు దినముల ముందు వాయిదా పడినది. అంతకు రెండు దినముల ముందే, జూన్ 18న జరిగిన యు.జి.సి. నెట్ రద్దయినది. శాస్త్రముల పరీక్ష చివరకు జూలై 25న మొదలైనది. నెలరోజులే గదా యని దూరమునుండి అనవచ్చును. "ఈ నెలతో అయిపోతది" అని ఇంటిలో మాట ఇచ్చియున్న పిల్లకు ఆ నెల ఎంత పొడవో ఆ ఇంటివారికే తెలియును. ఒక్క పరీక్షమీదనే ఏడాదినంతయు ఒడ్డుట ఎంత జూదమో ఆ వేసవి చూపినది.

ఛత్రినాకనుండి చదువుకొనుటకు పోవుచోటు మరియొకటి కలదు. మూసీ యొడ్డున అఫ్జల్‌గంజిలోని కేంద్ర గ్రంథాలయము, 1891లో ఆసఫియా పేరిట వెలసినది. పోటీపరీక్షల పిల్లలు ఉదయముననే వచ్చి అచట చోటు పట్టుకొందురు. రెండు గదుల ఇంటిలో, టెలివిజను ప్రక్కన, తమ్ముళ్ల నడుమ జీవరసాయనము చదువుట సాధ్యము కాని పిల్లలకు ఆ ఎత్తైన పైకప్పు క్రింది నిశ్శబ్దమే పెద్ద పరిశోధక వేతనము. డాక్టరేటు తయారీ అనగా పుస్తకములు, శిక్షణా తరగతులు అని లెక్కించువారు ఒక కుర్చీని, ఆరు గంటల నిశ్శబ్దమును లెక్కలో చేర్చుట మరతురు. ఆడపిల్లకు చీకటి పడకమునుపు ఇల్లు చేరవలెనను నియమము తోడైనచో ఆ ఆరు గంటలు నాలుగగును.

డాక్టరేటు లేకయే శాస్త్రములో శిఖరమెక్కినవారు లేరా యని అడుగువారున్నారు. ఉన్నారు. పుస్తకములకు బైండు కట్టు మైకేల్ ఫారడే 1813లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో వారమునకు 25 షిల్లింగులపై సహాయకుడుగా చేరి, పరీక్షలేవియు వ్రాయకయే విద్యుచ్ఛాస్త్రమునకు పునాది వేసెను. జపానులో షిమాజు కంపెనీ ఇంజనీరు తనాకా కోయిచి డాక్టరేటు లేకయే 2002లో రసాయన నోబెల్ అందుకొనెను. కాని ఫారడేకు హంఫ్రీ డేవీ అను గురువు దొరికెను; తనాకాకు తన తప్పు మిశ్రమమును పారవేయక పరీక్షించి చూచు వెసులుబాటు ఆ కంపెనీలో దొరికెను. ఆ రెండును దొరకనివారి పేర్లు చరిత్రలో లేవు గనుక వారి సంఖ్య తెలియదు. ఈ నగరమునకు దగ్గరి ఉదాహరణము కళ్లం అంజిరెడ్డిగారు. పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో 1969లో డాక్టరేటు ముగించి, ఆ పిమ్మటనే హైదరాబాదు ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారములో ఉద్యోగమునకు చేరిరి. సొంత కంపెనీని 1984లో స్థాపించిరి. ఆయన విషయమున చదువు ముందు, కర్మాగారము వెనుక. సుబ్బారావుగారి విషయమున బల్ల ముందు, పట్టము వెనుక. వరుస ఏదైనను రెండును ఒకే మనిషిలో చేరినవి.

అట్లు చేరుటకు నేడు మిగిలియున్న మంచి దారి, జీతమిచ్చు ప్రాజెక్టులో ఏడాది, మహా అయినచో రెండేండ్లు ఉండి, ఆ జీతముతో ఇంటివారి నోటికి సమాధానము చెప్పుకొనుచు, సాయంకాలములందును సెలవుదినములందును పరీక్షకు చదువుకొనుట. నెట్ గెలిచినంత మాత్రాన డాక్టరేటు తలుపు తెరచుకొనదు. దాని వెనుక ముఖాముఖి పరీక్ష కలదు. అచట కూర్చున్న పెద్దలు పాఠములను కొంతసేపు అడిగి, తరువాత "ఇంతవరకు చేతితో ఏమి చేసితివి?" అని తప్పక అడుగుదురు. ఏడాది తన చేతితో పనిచేసి, విఫలమై, ఎందుకు విఫలమైనదో తెలిసికొన్న పిల్ల అచ్చట చెప్పు జవాబునకు, పుస్తకమే తెలిసిన పిల్ల చెప్పు జవాబునకు గల తేడా రెండు నిమిషములలో బయటపడును. విదేశములకు దరఖాస్తు చేయువారికైతే ఈ అనుభవము, దానిని చూచిన గురువు వ్రాయు ఉత్తరము మరింత ముఖ్యము.

రెండేండ్లు దాటినచో మాత్రము జాగ్రత్త వహింపవలెను. ఒక ప్రాజెక్టు ముగిసి మరియొకటి, అది ముగిసి వేరొకటి; గైడు మంచివాడు, స్నేహితులున్నారు, నెలజీతము వచ్చుచున్నది; ఇంతలో పరిశోధక వేతనమునకు వయోపరిమితి దాటిపోవును. స్త్రీలకు ఆ పరిమితిలో సడలింపు కలదు. 2022 నాటి యు.జి.సి. నిబంధనలు డాక్టరేటు ముగించుటకు స్త్రీలకు రెండేండ్లు అదనముగ నిచ్చినవి. ప్రసూతికి, శిశుపోషణకు 240 దినముల సెలవు కలదని వ్రాసినవి. ఈ సంగతి ఛత్రినాకలో పెండ్లి మాటలు నడచునప్పుడు తండ్రిచేతిలో నుండవలసిన కాగితము. వివాహముతో డాక్టరేటు ఆగవలెనని ఏ చట్టమును చెప్పదని అబ్బాయి తరపువారికి చూపుటకైనను పనికివచ్చును.

ప్రాజెక్టునకు చేరునాడే కొన్నిటిని తేల్చుకొనుట మంచిది. పరీక్షకు ముందు ఎన్ని దినముల సెలవు దొరకును? గైడు వారమున కొకసారియైనను కూర్చుండి ఫలితములు చూచునా, లేక సహాయకుల చేతికి విడిచి ఊరూరు తిరుగునా? చేయు పని గాజుపాత్రలు కడిగి ద్రావణములు కలుపుటతో ఆగునా, లేక ప్రయోగమంతయు మొదటినుండి చివరివరకు చేతికి వచ్చునా? వ్యాసము వెలువడినప్పుడు పేరుండునా? ఇవి అడుగుటకు బిడియపడువారే ఎక్కువ. మొదటి తరము చదువరి యింటి పిల్లలు మరింత బిడియపడుదురు. ఉద్యోగమిచ్చినవానిని ప్రశ్నించుట అవినయమని వారి పెంపకము. ఉద్యోగమునకు పిలిచిన శాస్త్రజ్ఞుడు మాత్రము ఈ ప్రశ్నలను అవినయముగా భావింపడు. భావించినచో, ఆ ప్రయోగశాల గుణము చేరకమునుపే తెలిసిపోయినట్లు.

మరియొక చిన్న విషయము. ప్రయోగముల నోటుపుస్తకము సంస్థది. విడిచిపోవునాడు దానిని బల్లమీద పెట్టి రావలెను. అందువలన నెలనెల తాను చేసిన దేమో, తేలిన దేమో, తేలనిది ఎందుకు తేలలేదో సొంత మాటలలో ఒక పుటకు మించకుండ గైడు అనుమతితో వ్రాసి పెట్టుకొనుట మేలు. ఏడాది గడచునప్పటికి పన్నెండు పుటలు. డాక్టరేటు ముఖాముఖికి ముందురాత్రి చదువుకొనుటకు ఛత్రినాకనుండి ఉప్పుగూడకు నడచునంత సేపు చాలును.